ముప్ఫై అయిదు గజాల గోడ

నేను ఒక కంప్యూటర్ని. బల్ల కింద నల్ల రేకు పెట్టెలో ఉంటాను. బల్ల మీద కనిపించే తెరనే జనం నేననుకుంటారు. కోపం వస్తే దాన్నే తిడతారు, పండక్కి దానికే బొట్టు పెడతారు. నేను గుర్తొచ్చేది వాళ్ల కాలు తగిలినప్పుడే.

నా భాగాలు నాలుగు దేశాల్లో తయారయ్యాయి. వాటిని ఒకచోట చేర్చి మరలు బిగించింది కాకినాడ మెయిన్ రోడ్డులో, మేడ మీద ఉన్న ఒక దుకాణంలో. నాకు చేతులు నాలుగు. చేతులంటే లెక్కలు చేసే భాగాలు. ఒక్కో చెయ్యి ఒక సమయానికి ఒక్క పనే పట్టుకుంటుంది. ఏ పని ముందు, ఏ పని తర్వాత, ఒక్కో పనికి ఎంతసేపు అన్నది తేల్చడానికి నా లోపల ఒక మేస్త్రీ ఉన్నాడు. వాణ్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. నేను చెప్పబోయేది ఆ మేస్త్రీకి ఒక శనివారం ఇచ్చిన ఆజ్ఞల గురించీ, వాటివల్ల ఒక మనిషికి జరిగిన దాని గురించీ.

మొదట నన్ను కొన్నది బస్టాండు ఎదురుగా ఉన్న ఆన్‌లైన్ సెంటరు. హాల్‌టికెట్లు, రిజర్వేషన్లు, ఆధార్ దిద్దుబాట్లు. నా ముందు ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉండేవాడు. మీట నొక్కాక అర సెకను ఆలస్యమైతే మళ్లీ నొక్కేవాడు. దాంతో నాకు పని రెండింతలయ్యేది, ఇంకా ఆలస్యమయ్యేది, అతను మూడోసారి నొక్కేవాడు. రోజు మొత్తం మీద నేను ఎంత పని చేశానని అక్కడ ఒక్కరూ అడగలేదు. అడిగిన దానికి ఎంత త్వరగా పలికానన్నదే వాళ్లకు కావాలి.

రెండేళ్ల తర్వాత పెళ్లి వీడియోలు కలిపే స్టూడియో వాళ్లు నన్ను తీసుకున్నారు. అక్కడ లెక్క తిరగబడింది. ఆరు గంటల పెళ్లిని నాకు అప్పగించి టీకి పోయేవారు. మధ్యలో ఏ క్షణాన నేను ఏం చేస్తున్నానో ఎవరికీ పట్టదు. వచ్చేసరికి ఎన్ని పెళ్లిళ్లు అయ్యాయన్నదే లెక్క.

ఈ రెంటినీ మనుషులు వేగం అనే ఒక్క మాటతోనే పిలుస్తారు. అవి రెండు వేర్వేరు సంగతులు. పిలిస్తే ఎంతసేపట్లో పలుకుతానన్నది ఒకటి. పొద్దుగూకే లోపల ఎంత పని దించుతానన్నది రెండోది. పిలిచినప్పుడల్లా పలకాలంటే చేతిలో పని పక్కన పెట్టాలి, అది ఎక్కడ ఆగిందో రాసుకోవాలి, కొత్తది అందుకోవాలి, మళ్లీ పాతదాన్ని వెతుక్కోవాలి. ప్రతి మార్పుకీ కొంత కాలం పోతుంది. ఎవరు పిలిచినా పలక్కుండా ఒకే పని మీద కూర్చుంటే ఎక్కువ పని అవుతుంది, పిలిచినవాళ్లు మాత్రం నిలబడి ఉండాలి. మొదటి రెండు చోట్లా నాకు ఈ చిక్కు రాలేదు, ఒకరు ఒకటి అడిగారు, మరొకరు రెండోది అడిగారు. మూడో చోట రెండూ కావాల్సి వచ్చాయి.

ఆ మూడో చోటు రామారావుపేటలో ఒక ట్రస్టు నడిపే చదువుల గది. కళ్లు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివించి రికార్డు చేస్తారు. మైకు ఉన్న చిన్న గది ఒకటి, దాని పక్కన పెద్ద గది, ముందు వరండా. మైకు గది నాలుగు గజాలు ఉంటుంది, గోడలకు కొబ్బరి పీచు చాపలు కొట్టారు. నన్ను పెద్ద గదిలో పెట్టారు. మైకు తీగ, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్ తీగ గోడకున్న రంధ్రంలోంచి నా దాకా వస్తాయి. చదివేవాళ్ల గొంతు నాలోకి వచ్చి, అక్కణ్నుంచి తిరిగి వాళ్ల చెవికి చేరుతుంది. మైకు శబ్దాన్ని కంప్యూటర్ దాకా రానివ్వకుండా నేరుగా చెవికి పంపే మీట కొన్ని సౌండు పెట్టెలకు ఉంటుంది. మా పెట్టెకు లేదు.

గది బాధ్యత సత్తిరాజు గారిది. జిల్లా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యారు. ఏ పని జరిగినా గోడ మీది బోర్డులో అంకె వేస్తారు. రికార్డయిన ప్రతి పేజీనీ విని తప్పులు పట్టేది యోసేపు. నలభై రెండేళ్లు, పుట్టుగుడ్డి. మామూలు వేగానికి రెండున్నర రెట్లు వేగంగా వింటాడు. పక్కనున్నవాళ్లకు అది పిట్టల గోలలా ఉంటుంది, అతను అందులోనే ఒత్తు పోయిన చోటు పట్టుకుంటాడు. కొత్త చోట అడుగు పెట్టేముందు నాలుకతో టక్కున ఒక చప్పుడు చేస్తాడు. అది గోడకు తగిలి తిరిగి రావడాన్ని బట్టి గోడ ఎంత దూరంలో ఉందో, తలుపు తెరిచి ఉందో మూసి ఉందో చెబుతాడు. అతను వచ్చిన మొదటి రోజు నా పెట్టె దగ్గర కూడా టక్కుమనిపించి, "ఇక్కడేదో రేకుది పెట్టారండీ, మోకాలికి తగులుద్ది," అన్నాడు. అతని కాలు నాకు ఎప్పుడూ తగల్లేదు.

చదివేవాళ్లు ముగ్గురు. ఇద్దరు లెక్చరర్లు. మూడో ఆవిడ పేరిందేవి గారు. అరవై ఏడేళ్లు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆపరేటరుగా చేశారు. లెక్చరర్లు హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి పక్కకు జరిపి చదువుతారు, పేరిందేవి గారు రెండు చెవులూ మూసుకుని చదువుతారు. తన గొంతు తన చెవిలో వినబడితేనే మైకుకు ఎంత దూరంలో ఉండాలో, ఎక్కడ తగ్గించాలో ఆవిడకు తెలుస్తుంది. రోజుకు నలభై పేజీలు, ఒక్కోరోజు నలభై రెండు. నా దగ్గరికి వచ్చిన గొంతుల్లో కత్తిరించే పని తక్కువ ఉన్నది ఆవిడ గొంతులోనే.

ఆ సంవత్సరం ఒక పెద్ద పోటీ పరీక్ష ప్రకటించారు. జిల్లాలో చూపు లేనివాళ్లు నూట ఎనభై మంది రాస్తున్నారు. గడువు ఇరవై ఆరు రోజులు. పనులు రెండు. పాత రికార్డింగులు మూడు వందల పన్నెండు పుస్తకాలున్నాయి. వాటిలో ఫ్యాను రొద తీసేసి, ఫోన్లలో పట్టేలా కుదించాలి. అది నా పని. రెండోది, కొత్త సిలబస్ ప్రకారం వచ్చిన రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ పుస్తకం, ఆరు వందల నలభై పేజీలు. అది ఇంకా ఎవరూ చదవలేదు. లెక్చరర్లిద్దరూ పేపర్లు దిద్దడానికి వెళ్లారు. మిగిలింది పేరిందేవి గారు.

రోజుకు తొమ్మిది పుస్తకాలకు మించి నాకు సాగడం లేదు. ఆ లెక్కన ముప్ఫై అయిదు రోజులు పడుతుంది. సత్తిరాజు గారు నఫీసాని పిలిపించారు.

నఫీసా పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ లెక్చరరు. జగన్నాథపురం నుంచి నెలకో శనివారం వచ్చి నా బాగోగులు చూసి వెళ్తుంది, జీతం లేదు. నన్ను చూసుకున్నవాళ్లలో నేను మొదట చెప్పాల్సిన పేరు ఆమెది. ఏదైనా మార్చే ముందు పాత అంకెను నోటుబుక్కులో రాసుకుంటుంది. ఒకేసారి రెండు మార్పులు చెయ్యదు. ఆ శనివారం నాలుగు గంటలు నా ముందు కూర్చుంది. ఒక్కో పనికీ ఇచ్చే గడువు పెంచమని మేస్త్రీకి చెప్పింది. చిన్న పనుల కోసం పెద్ద పనిని ఆపొద్దంది. అప్పుడు మైకు గొంతులో చిటపటలు మొదలయ్యాయి, ఎందుకంటే సెకనుకు వేల ముక్కలుగా వచ్చే గొంతును అందుకోవడానికి చెయ్యి ఖాళీగా లేదు. దానికి ఆమె గొంతు ముక్కల్ని నూట ఇరవై ఎనిమిది చొప్పున కాకుండా నాలుగు వేల తొంభై ఆరు చొప్పున పోగేసి అందుకోమంది. చిటపటలు పోయాయి. రికార్డు చేసి, వినిపించి చూసింది. శుభ్రంగా ఉంది.

ఆమె చెయ్యనిది ఒకటే. హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడుతూ వినలేదు. మాట్లాడింది, తర్వాత విన్నది.

మర్నాటికి బోర్డు మీద పద్నాలుగు పడింది. సత్తిరాజు గారు చాక్‌పీసుతో దానికి కింద గీత గీశారు. రెండో రోజు పద్నాలుగు. మూడో రోజూ పద్నాలుగే. వచ్చినవాళ్లకల్లా బోర్డు చూపించేవారు. "ఇదివరకు బండి, ఇప్పుడు గుర్రం," అని నా రేకు మీద తట్టేవారు. నాకూ బాగానే ఉండేది, కాదనను.

బోర్డు మీద రెండో వరస ఒకటుంది. కొత్త పుస్తకం పేజీలది. మొదటి రోజు ఇరవై ఆరు. రెండో రోజు ఇరవై రెండు. తర్వాత పందొమ్మిది, పదిహేడు, పద్నాలుగు, పన్నెండు, పదకొండు, తొమ్మిది. ఎనిమిది రోజుల్లో నూట ముప్ఫై పేజీలు.

పేరిందేవి గారు తడబడుతున్నారు. ఒక అక్షరం రెండుసార్లు పలికేవారు. దీర్ఘం సాగేది. వాక్యం మధ్యలో ఆగి, మొదటి నుంచి అందుకుని, మళ్లీ అక్కడే ఆగేవారు. కారణం నాకు తెలుసు. ఆవిడ పలికిన మాట నా లోపల పోగై, తిరిగి ఆవిడ చెవికి చేరేసరికి సెకనులో అయిదో వంతు దగ్గరగా పడుతోంది. నోరు తర్వాతి అక్షరం మీద ఉంటే చెవిలో వెనకటి అక్షరం మోగుతోంది. నోటికీ చెవికీ ఇంత తేడా వస్తే ఎంతటివాళ్లకైనా మాట తొణుకుతుంది. నా గుండా కొన్ని వేల గంటల గొంతులు నడిచాయి. చెప్పడానికి నాకంటూ ఒక గొంతు లేదు.

ఆవిడకు ఆ మోత వినబడలేదా అని మీరు అడుగుతారు. వినబడింది. ఎవరికీ చెప్పలేదు. దానికి రెండు కారణాలని తర్వాత ఆవిడే చెప్పారు. ట్రంకు కాల్స్ కాలంలో గొంతు తిరిగి రావడం మామూలు. ఎక్స్ఛేంజ్‌లో మొదటి రోజే నేర్పేది, లైను గురించి మాట్లాడకూడదు, లైను కలపాలి, అని. రెండో కారణం ఆవిడ అక్క. అయిదేళ్ల కిందట ఆమె చెవిలో ఏదో మోగుతోందని ఒక నెలపాటు అంది. తర్వాత మాట తడబడింది. తర్వాత పక్షవాతం వచ్చి మాటే పోయింది. మోత యంత్రంలో ఉందని పేరిందేవి గారు అనుకోలేదు. తన తలలో ఉందనుకున్నారు.

సత్తిరాజు గారూ అలాగే అనుకున్నారు. మర్యాదగా అన్నారు. "వయసు కదండీ అమ్మగారూ. కాస్త విశ్రాంతి తీసుకోండి."

యోసేపు అలా అనుకోలేదు. ఆ ఎనిమిది రోజుల రికార్డింగులు మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నాడు. ఒకసారి తనలో తాను అనుకున్నాడు. "ముసలితనం ఇలా ఉండదే. ఈవిడ ఎవరికోసమో ఆగుతున్నట్టుంది."

తొమ్మిదో రోజు పొద్దున్న పేరిందేవి గారు వచ్చారు గానీ మైకు గదిలోకి వెళ్లలేదు. ఒక కాగితం సత్తిరాజు గారి బల్ల మీద పెట్టారు. ఆరోగ్యం సరిగా లేనందున ఇక చదవలేనని రాసి ఉంది. సత్తిరాజు గారు అది చదివి కళ్లజోడు తీశారు.

"అయిదు వందల పది పేజీలు మిగిలున్నాయండీ. ఎవర్ని తేనూ?"

"నన్ను పెట్టుకుంటే అదీ అవదు. పిల్లలు పరీక్షలో నా నత్తి వింటూ కూచోవాలా?"

ఆయన కాగితం మడిచి పక్కన పెట్టారు. ఆవిడ వరండాలోకి వెళ్లారు. పదకొండు గంటలకు అక్కడ టీ వస్తుంది. ఆ టీ దగ్గర ఆవిడ యోసేపుకు పేపరు చదివి వినిపించడం మూడేళ్లుగా ఉన్న అలవాటు. మైకు ఆపలేదు, మైకు గది తలుపు తీసి ఉంది, అందువల్ల వరండా మాటలు నాకూ వినబడ్డాయి.

"ఆఖరి రోజు కూడా వదలవా నాయనా?"

"ఆఖరి రోజు మాట తర్వాతండీ. ముందు పోయినోళ్ల పేజీ తియ్యండి. మనకి కావాల్సినోళ్లు ఎవరన్నా పోయారేమో."

"నీ నోట్లో మట్టి."

"ఆయ్, పేపర్లో అదీ ఉంటే చదవండి."

ఆవిడ చదివారు. పోయినవాళ్ల పేజీ పూర్తయింది. తాళ్లరేవు దగ్గర వంతెన కూలిన వార్త, రొయ్యల ధరలు, సినిమా ప్రకటనలు. ఒక్క చోట కూడా ఆగలేదు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"అమ్మగారూ," అన్నాడు యోసేపు. "మీరిప్పుడు పేపర్లో పేజీన్నర చదివారు. ఒక్క తప్పు లేదు."

"ఇది కబుర్లు. అది చదువు."

"కబుర్లకి వేరే నోరుంటుందా అండీ? లెగండి. అదే వంతెన వార్త లోపల చదవండి."

"యోసేపూ, నన్ను చంపకు."

"చంపను. ఒక్కసారి."

ఇద్దరూ మైకు గదిలోకి వచ్చారు. ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకుని, వంతెన వార్త మొదలుపెట్టారు. మూడో వాక్యంలో ఆగిపోయారు. "కూ... కూలిన..." మళ్లీ అక్కడే.

"అది తీసేసి చదవండి."

"చెవులు మూసుకోకుండా నోరు తెరవడం నాకు రాదయ్యా. ముప్ఫై ఏళ్ల జబ్బు."

"ఈ ఒక్కసారికి రాకుండానే చదవండి."

తీసేసి చదివారు. వార్త చివరి దాకా నిలవకుండా వచ్చింది. యోసేపు చెయ్యి చాచి హెడ్‌ఫోన్ తన చెవులకు పెట్టుకున్నాడు. నాలుకతో ఒక్కసారి టక్కుమనిపించాడు. తల పక్కకు వంచాడు. మళ్లీ టక్కుమనిపించాడు.

"ఈ గది ఎంతండీ?"

"నీకు తెలీదా? నాలుగు గజాలు."

"చెవుల్లో ఇది లేనప్పుడు నాలుగే. పెట్టుకుంటే ఎదర గోడ ముప్ఫై గజాలు దాటిపోయింది. ముప్ఫై నాలుగో, ముప్ఫై అయిదో ఉంటుంది. మీరు ఎనిమిది రోజుల్నించి నాలుగు గజాల గదిలో కూచుని, సినిమాహాల్లో చదువుతున్నారండీ. మీ నోరు కాదు. ఈ రేకు పెట్టె."

నింద నా మీద పడింది. అంత హాయి నాకు అంతకు ముందు కలగలేదు.

పేరిందేవి గారు కుర్చీలో కూర్చున్నారు. "ఎనిమిది రోజుల్నించి పొద్దున్నే అద్దంలో మా అక్క మొహం చూసుకుంటున్నాను," అన్నారు. "మూతి వంకర పోయిందేమోనని. రోజూ."

యోసేపు ఆవిడ భుజం వెతుక్కుని చెయ్యి వేశాడు. తర్వాత ఫోను తీసి నఫీసాకు చేశాడు.

ఆమె క్లాసు అవగానే మూడింటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే హెడ్‌ఫోన్ పెట్టుకుని, "హలో, హలో," అంది. రెండో హలో దగ్గరే ఆగిపోయింది. నోటుబుక్కు తీసి లెక్క వేసింది. నాలుగు వేల తొంభై ఆరు ముక్కలు లోపలికి, మరో నాలుగు వేల తొంభై ఆరు బయటికి, సెకనుకు నలభై నాలుగు వేల నూరు ముక్కలు. సెకనును వెయ్యి భాగాలు చేస్తే అందులో నూట ఎనభై ఆరు. శబ్దం అంతసేపట్లో గోడ దాకా వెళ్లి తిరిగి రావాలంటే గోడ ముప్ఫై రెండు మీటర్ల దూరంలో ఉండాలి. గజాల్లోకి మార్చింది.

"ముప్ఫై అయిదు," అంది. యోసేపు వైపు తిరిగింది. "నా దగ్గర దీన్ని కొలిచే ప్రోగ్రాములు మూడున్నాయండీ. ఒక్కటీ పెట్టలేదు."

తర్వాత పేరిందేవి గారి ముందు నిలబడింది. "అమ్మగారూ, తప్పు నాది. పెట్టెది కూడా కాదు."

"అసలేం చేశావమ్మా దాన్ని?"

"జగన్నాథపురం షేరాటో ఎక్కారా ఎప్పుడైనా?"

"ఎక్కకుండా ఈ ఊళ్లో బతుకుతామా?"

"పది మంది నిండేదాకా వాడు కదలడు కదండీ. సాయంత్రానికి లెక్క చూస్తే ఎక్కువ మందినే దింపుతాడు. నేనూ దీన్ని అలాగే చేశాను. మీ గొంతు ఇదివరకు వచ్చింది వచ్చినట్టు చెవికి వెళ్లేది. నేను ఆటో నిండేదాకా ఆగమన్నాను."

"అంటే మొదట ఎక్కి కూర్చున్నదాన్ని నేనన్నమాట."

"అవునండీ."

"వాణ్ని ఎన్ని తిట్లు తిట్టుకుంటామో తెలుసా?"

"తిట్టండి. వింటాను."

పేరిందేవి గారు తిట్టలేదు. మాట్లాడింది సత్తిరాజు గారు. ఆయన బోర్డు దగ్గర నిలబడ్డారు.

"అది సరేనమ్మా. ఆటో దింపిన జనం సంగతో? మళ్లీ తొమ్మిదికి దిగామంటే రెండు వందల పుస్తకాలు గడువులోగా అవ్వవు. రోజుకి పదకొండు పైనే పడాలి. అమ్మగారు ఆ హెడ్‌ఫోన్ తీసేసి చదివేస్తే పోలా?"

ఆ మాటలో తప్పేమీ లేదు. నూట ఎనభై మందిలో ఎవరికి ఏ పుస్తకం అందకపోయినా ఫోను వచ్చేది ఆయనకే. పేరిందేవి గారు కూడా, "చూద్దాం," అని హెడ్‌ఫోన్ లేకుండా ఒక పేజీ చదివారు. మాట తడబడలేదు. యోసేపు దాన్ని విని తల అడ్డంగా ఊపాడు.

"మనిషి ఊగుతున్నారండీ. ఒక వాక్యం మైకు పక్కన, ఒక వాక్యం వీధిలో. ఫోనులో వినేవాడికి ఇది తలనొప్పి. చెవి లేకుండా ఈవిడ చదవలేరు."

నఫీసా చున్నీ వెనక్కి ముడేసుకుని నా ముందు కూర్చుంది. అప్పటినుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఆమె చేసిన పనిని నేను దగ్గరుండి చూశాను. నా మీద జరిగింది కాబట్టి వేరే దారి కూడా లేదు.

ముందు పాత అంకె పెట్టింది, నూట ఇరవై ఎనిమిది. పుస్తకాల కుదింపు ఆపకుండానే పెట్టింది. చిటపటలు వచ్చాయి. రాసుకుంది. రెండు వందల యాభై ఆరు పెట్టింది. చిటపటలు తగ్గాయి, పోలేదు. రాసుకుంది. అప్పుడు మేస్త్రీని పిలిచి నా నాలుగు చేతుల్లో ఒకదాన్ని కుదింపు పని నుంచి తప్పించింది. ఆ చెయ్యి గొంతు కోసమే ఉండాలి, గొంతు రానప్పుడు ఊరికే ఉండాలి. ఇంకా అక్కడక్కడా ఒక చిటుకు వినబడింది. అరగంట వెతికింది. పనిలేనప్పుడు నా చేతులు కరెంటు ఆదా చెయ్యడానికి కునుకు తీస్తాయి, లేవడానికి రవ్వంత సేపు పడుతుంది. ఆ చేతికి కునుకు మాన్పించింది. చిటుకు పోయింది.

"సార్, మైకు గది బయట రికార్డింగప్పుడు వెలిగే ఎర్రదీపం ఉంది కదా. అది వెలిగినప్పుడు ఇది అమ్మగారి మాట వింటుంది. ఆరితే మీ బోర్డు మాట వింటుంది, నాలుగు చేతులూ మీవే. మీట ఒకటే, దీపమూ ఇదీ దానితోనే మారతాయి," అంది.

"ఎంత పడుద్ది బోర్డు మీద?"

"పద్నాలుగు పడదండీ. పన్నెండని నా లెక్క. పదమూడు అని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టను."

సత్తిరాజు గారు మనసులో రెండు వందల్ని పన్నెండు పెట్టి భాగించారు. పెదాలు కదిలాయి. "పదిహేడు రోజులు. ఒక్క రోజు మిగులుతుంది."

"ఆ ఒక్క రోజూ నాకివ్వండి. ఏదన్నా పాడైతే కావాలి."

యోసేపు హెడ్‌ఫోన్ పెట్టుకుని టక్కుమనిపించాడు. "గోడ వచ్చేసింది. రెండు గజాలు." నఫీసా తన అంకె చూసుకుంది. వెయ్యి భాగాల్లో పదకొండున్నర. రెండు గజాల పైన కొద్దిగా. ఈసారి ఆమె ప్రోగ్రామూ పెట్టింది, అతన్నీ అడిగింది.

పేరిందేవి గారు హెడ్‌ఫోన్ తీసుకున్నారు. వెంటనే పెట్టుకోలేదు. చెంగుతో తుడిచారు. పెట్టుకుని, మైకు దగ్గరికి వంగి, పుస్తకం తెరవకుండా, "హలో, కాకినాడ ఎక్స్ఛేంజ్," అన్నారు. ఆ మాట నాలోకి వచ్చి తిరిగి వెళ్లింది. ఆవిడ నూట ముప్ఫై ఒకటో పేజీ తీశారు. ఆరున్నరకు మొదలుపెట్టి ఏడుంపావు దాకా చదివారు. ఆరు పేజీలు. యోసేపు పట్టిన తప్పులు సున్న.

మర్నాడు బోర్డు మీద మొదటి వరసలో పన్నెండు పడింది, రెండో వరసలో నలభై. సత్తిరాజు గారు ఈసారి గీత రెండో దాని కింద గీశారు. నఫీసా లెక్క తప్పలేదు. ఒకరోజు పదమూడు పడింది, ఒకరోజు కరెంటు పోయి పదకొండు పడింది. కొత్త పుస్తకం ఇరవై రెండో రోజుకి, పాత పుస్తకాలు ఇరవై అయిదో రోజుకి అయ్యాయి. ఆమె అడిగిన ఒక్క రోజూ ఖర్చు కాలేదు.

ఇప్పుడు నేను పాలిటెక్నిక్ ల్యాబులో ఉన్నాను. చదువుల గదికి కొత్త పెట్టె వచ్చింది, దాని సౌండు పెట్టెకు గొంతును నేరుగా చెవికి పంపే మీట ఉంది. నఫీసా నా రేకు తలుపు ఊడదీసి పిల్లలకు చూపిస్తుంది. వేగంగా పనిచెయ్యాలంటే ఏ అంకె పెట్టాలి మేడమ్ అని ప్రతి ఏడూ ఒకరు అడుగుతారు. ఆమె అంకె చెప్పదు. హెడ్‌ఫోన్ ఇచ్చి, నాలుగు వేల తొంభై ఆరు పెట్టి, నీ పేరూ ఊరూ చెప్పు అంటుంది. ఊరి పేరు దగ్గర అందరూ ఆగుతారు.

నా డిస్కులో ఆనాటివి దాదాపు అన్నీ చెరిపేశారు. ఒక్క ముక్క మిగిలింది. అది ఇరవై ఒకటో రోజుది. పేరిందేవి గారు అంతర్రాష్ట్ర జలవివాదాల అధ్యాయం చదువుతున్నారు. "అంతర్రాష్ట్ర జల..." అని ఆగారు. మళ్లీ, "అంతర్రాష్ట్ర వివా..." అని ఆగారు. పెద్ద గదిలో యోసేపు కుర్చీ వెనక్కి జరిగింది. సత్తిరాజు గారు మైకు గది తలుపు దగ్గరికి వచ్చారు. నేను నా లెక్కలు చూసుకున్నాను. నాలుగో చెయ్యి మెలకువగా ఉంది. గొంతు పదకొండున్నర భాగాల్లో వెళ్లి వచ్చింది. నా వైపు తప్పేమీ లేదు.

అప్పుడు మైకులో నవ్వు వినబడింది. "ఎవరూ లేవక్కర్లేదు. నఫీసాకి ఫోన్ చెయ్యకండి. ఈ తప్పు నాదే," అన్నారు పేరిందేవి గారు. అని, ఆ మాట సరిగ్గా పలికి, ముందుకు సాగారు.

తప్పులు కత్తిరించడం యోసేపు పని. పుస్తకంలోంచి దాన్నీ కత్తిరించాడు. కత్తిరించిన ముక్కను మాత్రం చెరపకుండా వేరే పేరుతో దాచాడు. తొమ్మిది సెకన్లు ఉంటుంది.